ఎదుటి జట్టు రాయి

కెనడాలోని రెజైనాలో తెలుగువాళ్ళ ఇళ్ళలో శుభకార్యాలకు ముహూర్తం పెట్టేది పంతులుగారే గానీ, నడిపించేది మాత్రం కమలకుమారి. ఆవిడ కెమెరా పైకెత్తి “ఆగండాగండి” అంటే అక్షింతలు గుప్పిట్లోనే ఆగిపోవాలి. ఒక సీమంతంలో వెలుతురు కుదరలేదని అదే గాజును మూడుసార్లు తొడిగించిన ఘనురాలు. వారమంతా ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ ముందు ఉద్యోగం, శని ఆదివారాలు ఈ దర్జా.

అలాంటి మనిషికి ఈ ఫిబ్రవరిలో బంగారంలాంటి అవకాశం వచ్చింది. దేశం మొత్తం మీద ఆడవాళ్ళకు జరిగే కర్లింగ్ పోటీలు సొంత ఊళ్ళోనే పడ్డాయి. పైగా ఆడే జట్లలో ఒకదాంట్లో ఆవిడ కూతురు స్పందన ఉంది. మరి ఊరుకుంటుందా? వాలంటీర్లు కావాలన్న ప్రకటన వచ్చిన రోజే ఫొటోల విభాగానికి అప్లై చేసింది. మొగుడు ఆంజనేయులును కూడా లాక్కొచ్చి, ఎయిర్‌పోర్టు నుంచి ఆటగాళ్ళను తెచ్చే డ్రైవర్ల గుంపులో చేర్పించింది.

కర్లింగ్ చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. పైన పిడి ఉన్న బరువైన గ్రానైటు రాయిని మంచు మీద నెమ్మదిగా జార్చి వదులుతారు. ఇద్దరు పిల్లలు దాని ముందు పరుగెత్తుతూ చీపుళ్ళతో మంచును రుద్దుతారు. అటు చివర గీసిన వలయాల నడిమికి ఎవరి రాయి దగ్గరగా ఆగితే వాళ్ళకు పాయింటు. రెండు జట్ల రాళ్ళూ అయిపోయేదాకా సాగే ఒక్కో విడతను ‘ఎండ్’ అంటారు. “ఇంట్లో చీపురు పట్టుకోమంటే జ్వరం వచ్చే పిల్ల, అక్కడ చూడండి ఎట్లా ఊడుస్తోందో!” అని కమలకుమారి పన్నెండేళ్ళుగా అంటూనే ఉంది. అంటూనే ప్రతి ఆటకూ వెళ్ళి ఫొటోలు తీస్తోంది.

ఆ ఫొటోలతోనే వచ్చింది చిక్కు. పైన మెట్ల మీద కూర్చుని తీసేవి కదా, వాటిలో స్పందన నడినెత్తి తప్ప ముఖం కనిపించేది కాదు. “పాపిడి బాగా వచ్చింది” అని ఆంజనేయులు ఏడిపించేవాడు. కమలకుమారికి కావలసింది ఒక్కటంటే ఒక్క ఫొటో. మంచుకు జానెడు ఎత్తులో కెమెరా పెట్టి, రాయి చేతిలోంచి జారే ఆ క్షణాన పిల్ల ముఖాన్ని ఎదురుగా పట్టుకోవాలి. స్పందన చదువు ఈ ఏడాదితో అయిపోతుంది. తర్వాత ఏ ఊళ్ళో ఉద్యోగమో, ఇంత పెద్ద పోటీ మళ్ళీ ఈ ఊరికి ఎప్పుడొస్తుందో.

ఫొటో వాలంటీర్లకు పెద్ద షెర్లీ అనే డెబ్బై ఏళ్ళావిడ. ఆడే పిల్లల తల్లిదండ్రులను ఆ ఆట జరిగేటప్పుడు మంచు అంచుకు రానివ్వడం అక్కడ ఆనవాయితీ కాదు. కమలకుమారి వారమంతా వేరే జట్ల ఆటలకు నోరెత్తకుండా పనిచేసింది. షెర్లీకి రెండుసార్లు పులిహోర తెచ్చిపెట్టింది. ఆఖరికి ఆవిడ మెత్తబడి, సెమీఫైనల్ రోజున మంచు దగ్గరకు వెళ్ళేవాళ్ళు తొడుక్కునే నారింజరంగు వెస్టు చేతిలో పెట్టింది.

“అరవొద్దు, ఫ్లాష్ వాడొద్దు, కూతురితో మాట్లాడొద్దు. అన్నిటికంటే ముఖ్యం, ఏ రాయినీ ముట్టుకోవద్దు” అంది షెర్లీ.

“నాకు రాళ్ళతో పనేంటి!” అంది కమలకుమారి.

ఎదుటి జట్టు పక్క రాష్ట్రమైన మానిటోబా వాళ్ళది. ఆటకు ముందు వాళ్ళ పసుపు పిడి రాళ్ళు మంచు చివర, ఫొటోగ్రాఫర్లు నిలబడే కార్పెట్‌ను ఆనుకుని వరసగా ఉన్నాయి. కమలకుమారి చలికి పగిలిన వేళ్ళకు కొబ్బరినూనె రాసుకుంది. గ్లౌజులుంటే కెమెరా మీట నొక్కడం కుదరదు మరి. చేతులు తుడుచుకుందామని జేబులో గుడ్డ కోసం వెతుకుతూ ఒక అడుగు వెనక్కి వేసింది. బూటు మడమ ఠక్కున ఒక రాయికి తగిలింది.

పుస్తకానికి కాలు తగిలినా, మనిషికి తగిలినా మనవాళ్ళ చెయ్యి అడక్కుండానే పని కానిచ్చేస్తుంది. కమలకుమారి వంగింది, రాయిని తాకింది, కళ్ళకద్దుకుంది. అద్దుకున్నాక గాని తెలివి రాలేదు. పసుపు పిడి పక్కన నున్నటి రాతి మీద నాలుగు వేళ్ళ నూనె మరకలు మిలమిల మెరుస్తున్నాయి.

అయ్యో రామ! ఈ రాళ్ళ సంగతి ఆవిడకు తెలియంది కాదు. అడుగున ఒక వెంట్రుక చిక్కుకున్నా దారి తప్పుతాయి. నూనె కిందికి జారి మంచుకు అంటితే? గబగబా అటూ ఇటూ చూసింది. ఎవరూ గమనించలేదు. తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనకుండా మోకాళ్ళ మీద కూర్చుని కెమెరా కంటికి పెట్టుకుంది. చెబితే వెస్టు పోతుంది. చెప్పకపోతే ఏమవుతుంది? బహుశా ఏమీ కాదు. అయితే గియితే నష్టం అవతలివాళ్ళకే.

ఆ మాట మనసులో అనుకున్నందుకే ఆవిడకు ఒళ్ళు మండింది. ఇంతలో లెన్సులో మానిటోబా పిల్ల కనిపించింది. స్పందన వయసే ఉంటుంది. వరసలోంచి సరిగ్గా ఆ రాయి పక్కదాన్ని తీసుకుని, తలకిందులు చేసి, అరచేత్తో తుడిచి, ఊది మరీ కింద పెట్టింది. చంటిపిల్ల మూతి తుడిచినంత ముద్దుగా తుడిచింది. ఈ పిల్ల తల్లి కూడా పైన ఎక్కడో గుండెలు చిక్కబట్టుకుని కూర్చునే ఉంటుంది.

కమలకుమారి లేచింది. మంచు బాగోగులు చూసే రాన్ అనే పెద్దాయన దగ్గరకు నేరుగా వెళ్ళింది. “ఆ మూలనున్న రాయికి నా కాలు తగిలింది. దండం పెట్టుకున్నాను. నా చేతులకు నూనె ఉంది” అని ఒక్క గుక్కలో చెప్పేసింది.

“రాయికి దండమెందుకు?” అన్నాడు రాన్ తెల్లబోయి.

“కాలు తగిలింది కదండీ” అంది కమలకుమారి. ఆవిడ దృష్టిలో అంతకుమించి చెప్పాల్సింది లేదు.

రాన్ నవ్వలేదు. రాయిని దొర్లించి, అడుగు చూసి, శుభ్రంగా తుడిచాడు. “రాయికేం కాలేదమ్మా. కానీ నువ్వు ఆడే పిల్ల తల్లివి. ముట్టుకున్నది ఎదుటివాళ్ళ రాయి. నువ్విక్కడ ఉంటే బాగుండదు” అన్నాడు. మాట మెత్తగానే ఉంది. షెర్లీ కూడా వచ్చి వెస్టు కోసం చెయ్యి చాచింది. పాపం, ఆవిడ ముఖం కమలకుమారి ముఖం కంటే చిన్నబోయింది. ఈ పోటీల్లో వెస్టు లేనివాళ్ళ దగ్గర అంత పెద్ద కెమెరా ఉండకూడదు కాబట్టి దాన్ని తీసుకెళ్ళి ఆఫీసు గదిలో పెట్టేశారు.

కమలకుమారి ఖాళీ చేతులతో మెట్లెక్కి మొగుడి పక్కన కూలబడింది. జరిగింది చెప్పింది.

“మంచి పనే చేసినవ్ గని, ఆట అయినంక చెప్తే ఏం పోయేది?” అన్నాడు ఆంజనేయులు.

“అవును మరి, నేను సత్యహరిశ్చంద్రుడి చెల్లెల్ని కదా, ఆగలేకపోయాను! మీరు నోరు మూసుకుని ఆట చూడండి” అని కస్సుమంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పన్నెండేళ్ళ కోరిక, చేతిదాకా వచ్చి జారిపోయింది.

ఆట మొదలైంది. ఆవిడకు ముందు చేతులెక్కడ పెట్టుకోవాలో తోచలేదు. కెమెరా ఉంటే ఫోకస్సు, వెలుతురు, ఇవే లోకం. ఇప్పుడు ఆటంతా ఎదురుగా పరుచుకుని ఉంది. స్పందన రాయి వదిలేముందు కింది పెదవిని పళ్ళ కింద నొక్కుకుంటోంది. తోటి పిల్ల తప్పు చేస్తే వీపు మీద ఒక్కటిచ్చి నవ్విస్తోంది. కాసేపటికి కమలకుమారి అరవడం మొదలుపెట్టింది. “ఊడ్చవే, ఊడ్చు! ఇంకా గట్టిగా!” అని తెలుగులోనే. పక్కనున్న తెల్లావిడకు అర్థం కాకపోయినా తనూ కలిసి అరిచింది. ఒక మంచి రాయికి ఇద్దరూ వాటేసుకున్నారు కూడా.

చివరి రాయి మనవాళ్ళదే. అది వలయాల నడిమికి వచ్చినట్టే వచ్చి, మూరెడు దూరంలో ఆగిపోయింది. మానిటోబా గెలిచింది. కమలకుమారి చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని భోరున ఏడ్చింది.

కింద డ్రెస్సింగ్ రూమ్ బయట స్పందన కోసం నిలబడ్డారు. పిల్ల వచ్చింది. ఏడ్చిన కళ్ళే గానీ నిబ్బరంగానే ఉంది. తండ్రి తల నిమిరాడు. కమలకుమారికి అన్నిటికంటే ముందు ఆ మాటే వచ్చింది: “నీ ఫొటో ఒక్కటి కూడా తియ్యలేకపోయానే, నాన్నా. చేతులారా పోగొట్టుకున్నాను.”

“షెర్లీ చెప్పింది, అమ్మా. ఇట్స్ ఓకే” అంది స్పందన. తర్వాత తల్లి చెయ్యి పట్టుకుని, “యూ నో వాట్? ప్రతి ఎండ్ అయ్యాక నేను పైకి చూస్తా. చిన్నప్పట్నుంచి. ఎప్పుడు చూసినా నీ ఫేస్ ఉండాల్సిన చోట కెమెరా ఉంటుంది. టుడే ఐ సా యూ. నువ్వు అరుస్తున్నావ్, ఏడుస్తున్నావ్, ఎవరో ఆంటీని హగ్ చేస్తున్నావ్. ఐ లవ్డ్ ఇట్, అమ్మా” అంది.

పిల్ల తనవైపు చూస్తుందనే సంగతే కమలకుమారికి ఇన్నేళ్ళూ తట్టలేదు. చూసేది తనొక్కతే అనుకుంది.

“ఇద్దరు ఇటు చూడుండ్రి, ఒక ఫొటో తీస్త” అంటూ ఆంజనేయులు ఫోను పైకెత్తాడు.

“కాసేపు ఆ ఫోను లోపల పెట్టండి” అంది కమలకుమారి. కూతురి గడ్డం కింద చెయ్యి వేసి, ముఖాన్ని దీపం వెలుగులోకి తిప్పి చూసింది. ఎడమ కనుబొమ మీద చిన్న గాటు ఉంది, ఎప్పుడో మంచు మీద పడ్డప్పటిది. ప్రతి ఫొటోలోనూ ఆవిడే కంప్యూటర్‌లో దాన్ని చెరిపేస్తూ వచ్చింది. ఇప్పుడు దాని మీద బొటనవేలు పెట్టి, “నొప్పి చేసిందా అప్పుడు?” అని అడిగింది.