మొదటి తూటా దాకా

మూడో ఆదివారం పాస్టరయ్య వివాహ ప్రకటన చదివి, "ఈ పెండ్లికి అభ్యంతరం ఉన్నవారెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండి" అని అలవాటుగా తలెత్తి చూశారు. వెల్దుర్తి గుడిలో ఆ ప్రశ్నకు జవాబు వచ్చిన జ్ఞాపకం ఎవరికీ లేదు. ఆనాడు మాత్రం వెనక వరుసలో ఒక చేతికర్ర రాతిపలకల మీద టక్కుమంది.

"నాకుందయ్యా" అన్నాడు యేసుపాదం.

ముందు వరుసలో కూర్చున్న ఆరోగ్యమ్మ వెంటనే వెనక్కి తిరగలేదు. పెండ్లికూతురు సుశీల ఆమె మనవరాలు. తల్లీతండ్రీ లేని ఆ పిల్లను ఆమే పెంచింది. ఆడపిల్లల బడిలో తల నెరిసేదాకా చదువు చెప్పిన మనిషి. ఇద్దరి మాటా వినకుండా ఏ పిల్లనూ దండించలేదని ఆమెకు పేరు. ఆ పేరు వెనక గౌరవం ఉంది, కొంత భయమూ ఉంది.

"పెండ్లికొడుకు ఇశ్రాయేలు బర్మా యుద్ధంలో పారిపోయినోడయ్యా" అన్నాడు యేసుపాదం. యుద్ధం అతని కుడికాలిని కుంటిది చేసి ఇంటికి పంపింది. "నా రెండు కళ్ళతో చూశా. మా పటాలం గట్ల వెనక పడుకొని ఉంటే, ఈ బాబు ఇనప కారెక్కి మమ్మల్ని దాటుకొని పోయాడు. ముందర తుపాకి పేలిందో లేదో, కారు తిప్పుకొని మా పక్కనుంచే వచ్చేశాడు. మేం మాత్రం ఆడనే ఉన్నాం."

యుద్ధంలో వెన్ను చూపినవాడికి పల్నాడులో ఏ గుమ్మమూ తెరుచుకోదు. కారెంపూడి వీరుల రాళ్ళకు మొక్కేవాళ్ళకూ, మొక్కనివాళ్ళకూ ఆ విషయంలో భేదాభిప్రాయం లేదు.

పెండ్లికొడుకు తల్లి జ్ఞానమ్మ కొంగు బిగించి లేచింది. "ఏందిరా నువ్వనేది? నా కొడుకు గుర్రాల పటాలంలో చేశాడు!"

"గుర్రాలా? ఒక్క గుర్రం తోకన్నా చూశాడేమో నీ కొడుకుని అడుగు పిన్నమ్మా!"

ఎవరో కిసుక్కున నవ్వారు. పాస్టరయ్య చేతిలోని కాగితాన్ని మడిచి బైబిలులో పెట్టారు. "ఈ సంగతి తేలేదాకా ప్రకటన పూర్తయినట్టు కాదు."

సుశీల ముఖం పాలిపోయింది. ఆరోగ్యమ్మ ఆ ముఖం వంక చూడకుండా తనను తాను నిలువరించుకుంది. ఆరోపణ నిజమైతే ఈ సంబంధాన్ని తన చేతులతోనే తెంచాలి. ప్రాణభయంతో తోటివాళ్ళను వదిలి వచ్చినవాడు కష్టం వస్తే భార్యనూ వదిలేస్తాడు. నిజం కాకపోతే, పదిమందిలో పడిన మచ్చ పదిమందిలోనే పోవాలి. ఆమె లేచి నిలబడింది.

"ఎవరూ ఇళ్ళకు పోవద్దు. ఇశ్రాయేలూ, వరండాలోకి రా. యేసుపాదం, నువ్వూ రా."

అందరూ వరండాలో మూగారు. ఇశ్రాయేలు మాటకారి కాడు. తల వంచుకునే చెప్పాడు. "నేను పారిపోలా పంతులమ్మగారూ. తిరిగొచ్చిన మాట మాత్రం నిజమే."

జ్ఞానమ్మ నెత్తి కొట్టుకుంది. 

"రెంటికీ తేడా ఏమిటో చెప్పు" అంది ఆరోగ్యమ్మ.

అతను చుట్టూ చూశాడు. గుమ్మం పక్కన జనం విడిచిన చెప్పులు కనిపించాయి. అక్కడ గొంతుక్కూర్చుని వాటిని ఒక్కొక్కటే నేలమీద వరసపెట్టాడు.

"ఇది రోడ్డు. ముందున్నయ్యి మా ఇనప కార్లు, వెనక జీపు. ఇదంతా కలిపితే ఒక ట్రూపు. కొన్ని ట్రూపులు ఒక స్క్వాడ్రను, స్క్వాడ్రన్లన్నీ కలిపితే రెజిమెంటు. కారులో తోలేవాడొకడు, తుపాకి పట్టేవాడొకడు, నాబోటి వైర్లెస్సోడొకడు. పెద్ద పటాలానికి చానా ముందు పోతాం. ఒక కారు కదిలితే రెండోది ఆగి కాపు కాస్తది."

"ఒరేయ్, నా చెప్పుల్ని జీపు చేశావేందిరా? ఇంటికెట్టా పోవాల?" అంది ముసలి పున్నమ్మ.

"మరి గుర్రాలేవి?" ఎవరో అడిగారు.

"యుద్ధం ముదిరేలోపే తీసేశారు. పాతరోజుల్లో గుర్రమెక్కి పోయి శత్రువు ఎక్కడున్నాడో చూసొచ్చేవాళ్ళు. మేం కారెక్కి పోయి చూసొచ్చాం. పని అదే. వాడు పొదల్లో దాక్కొని ఉంటాడు, కాల్చిందాకా కనపడడు. మొదటి తూటా దాకానే మా పని. అక్కడే నిలబడి కొట్లాడితే మేం చస్తాం, మాతోపాటు కబురూ చస్తది. కబురు తేకుండా చస్తే నాకేం లాభంరా అని మా దొర రోజూ తిట్టేవాడు."

"కబురంట, కబురు!" యేసుపాదం కర్ర నేలకేసి కొట్టాడు. "గట్టెనక పడున్న మాకు ఒక్క ముక్క చెప్పిపోతే నీ సొమ్మేం పోయింది?"

"ఆగితే మా కారుకూ, మా వెనక కారుకూ దెబ్బ తగిలేదన్నా. వంతెన అవతల ఫిరంగులున్నాయని దొరలకు వైర్లెస్సులో చెప్పుకుంటానే వచ్చా."

ఆరోగ్యమ్మ యేసుపాదం వైపు తిరిగింది. బడిలో పాఠం అడిగే గొంతుతోనే అడిగింది. "మర్నాడు మీరు ఏ దారిన పోయారు?"

"వాగులో పడి పోయాం."

"వంతెన దారి దగ్గర కాదా?"

"దగ్గరే. ముందు అటే పోవాలన్నారు. తర్వాత మార్చారు. నీళ్ళలో నడిచి నడిచి కాళ్ళు పాసిపోతే, మార్చినోడిని తిట్టని తిట్టు లేదు."

"ఎందుకు మార్చారు?"

"మాకెవడు చెప్తాడు పంతులమ్మా? పొమ్మంటే పోవటమే."

"అయితే నీ చెప్పు విడిచి, మీరు పడుకున్న చోట పెట్టు. ఇశ్రాయేలూ, వంతెన ఎక్కడో చూపించు."

ఇశ్రాయేలు ఒక వేపపుల్లను అడ్డంగా పెట్టి, దాని అవతల గులకరాళ్ళు పేర్చాడు. అవి ఫిరంగులు. 

"ఇప్పుడు ముందు అనుకున్న దారిన నీ చెప్పు జరుపు."

యేసుపాదం కర్రతో తన చెప్పును మెల్లగా ముందుకు తోశాడు. చెప్పు వేపపుల్లను తాకింది. కర్ర అక్కడే ఆగిపోయింది.

"మేం వాగు గట్టెక్కేసరికి" అన్నాడు గులకరాళ్ళ వంక చూస్తూ, ఎవరితోనో కాక తనతోనే అన్నట్టు, "వంతెన అవతల మనోళ్ళ గుండ్లు పడి ఆ ఫిరంగులు మండిపోతున్నయ్యి. అయ్యి ఆడున్నట్టు మనోళ్ళకెట్టా తెలిసిందో నేనెప్పుడూ అనుకోలా. మా కంపెనీ అంతా ఆ వంతెన మీదే చచ్చుండేది." తర్వాత కోపం తెచ్చుకున్నాడు. "ఒరేయ్ ఇశ్రాయేలూ, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదురా?"

"నువ్వడిగితేగా అన్నా! నేనెదురైతే మొహం తిప్పుకొని పోతివి. కాలు దెబ్బతిన్న మనిషిని వెంటపడి నిలేయమంటావా?"

జ్ఞానమ్మ ఏడుపూ నవ్వూ కలిపేసింది. జనం కదలబోయారు. ఆరోగ్యమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఇంకా కాలేదు. ఆ మాట గుడిలో లేచింది. గుడిలోనే పడుకోవాలి. అయ్యగారూ, ప్రకటన మళ్ళీ చదవండి."

అందరూ లోపలికి వచ్చి ఎవరి చోట వాళ్ళు కూర్చున్నారు. పాస్టరయ్య చదివి, అదే ప్రశ్న మళ్ళీ అడిగారు. వెనక వరుసలో కర్ర మళ్ళీ టక్కుమంది. సుశీల అమ్మమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"నేనేనయ్యా" అన్నాడు యేసుపాదం. "అభ్యంతరం లేదని చెప్పటానికి లేచా. నేను చూసింది నిజమే, అనుకుంది తప్పు. వీడు తిరిగొచ్చాడు కాబట్టే నేనీడ నిలబడి మాట్లాడుతున్నా. అందరి ముందరా అన్నా, అందరి ముందరే క్షమించమంటున్నా."

"ఆమేన్" అన్నారు పాస్టరయ్య, ప్రార్థన కాకపోయినా.

సుశీల పట్టుకున్న చోట ఆరోగ్యమ్మ చెయ్యి ఎర్రగా కందింది. ఆ నొప్పి కూడా హాయిగానే ఉంది. ముప్పాళ్ళ చుట్టాలకు పిలుపులు పంపాలి, పందిరికి తాటాకులు చెప్పాలి. నిన్నటిదాకా విసుగు పుట్టించిన ఆ పనులన్నీ ఇప్పుడు వరాల్లా తోచాయి.

బయట చెప్పులన్నీ కలగలిసిపోయాయి. "ఏమే, నా జీపేదే?" అని పున్నమ్మ కేకలు పెడుతుంటే, ఆరోగ్యమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె నవ్వటం చూసినవాళ్ళు ఆ ఊళ్ళో తక్కువ.

యేసుపాదం చెప్పు ఇంకా వేపపుల్ల దగ్గరే ఉంది. ఇశ్రాయేలు వంగి దాన్ని తీసి, దుమ్ము దులిపి, అతని కుంటికాలి ముందు పెట్టాడు.

"తొడుక్కో అన్నా. పెండ్లికి పందిరి గుంజలు నువ్వే పాతించాల."