నేను తుడిచిన పచ్చబొట్టు

ఆనంద్ పాల్‌ను నేను అన్నా అని పిలిచేదాన్ని. ఇద్దరిదీ ఒకే చర్చి, ఒకే పాటల బృందం. ఆబిడ్స్‌లో ఫోటో స్టూడియో పెట్టినప్పుడు, నెగెటివ్‌ల మీద పెన్సిల్‌తో మచ్చలూ ముడతలూ సరిదిద్దే పని నాకే ఇచ్చాడు. అందుకే నా బుద్ధి గడ్డి తిని ఆయన్ని నమ్మాను.

యాభై మూడు క్రిస్మస్‌కు ముందు మాట. "జయమణీ, చర్చి హాల్లో పెట్టడానికి యేసుకు పాలిస్తున్న మరియ ఫోటో తీద్దాం. పూలమ్మ ముఖం ఎంత బాగుంటుందో! నువ్వడిగితే కాదనదు" అన్నాడు.

పూలమ్మ స్టూడియో ఊడ్చి, నీళ్లు పట్టే మనిషి. చంకలో ఐదు నెలల కూతురు. "గుడిల పెడ్తరా? నువ్వుంటె దిగుత, జయమణమ్మా" అంది.

వెలుతురు సరిగ్గా పడాలని ఆయన పైట తీయించాడు. నేను ఊరుకున్నాను. నెగెటివ్ నా చేతికే వస్తుంది కదా, గుడ్డ నేను గీస్తాను కదా! ఈ పని చేసేవాళ్లకే ఉండే పొగరు అది. నెగెటివ్ మీది పెన్సిల్ గీత ప్రింటులో తెల్లగా పడుతుంది. రెండు రోజులు కూర్చుని ఆమె ఎద మీద తెల్లటి గుడ్డను మడత మడతగా గీశాను. నొసటి మీద, చేతి మీద కూడా కాస్త పని చేశాను.

క్రిస్మస్ వెళ్లిపోయింది. "ప్రింటు సరిగ్గా రాలేదు" అన్నాడాయన. సరే అనుకున్నాను.

ఫిబ్రవరిలో పూలమ్మ నవ్వుతూ వచ్చింది. "నాంపల్లి స్టేషన్ ఎదురుంగ హాల్ల నా ఫోటో పెట్టిన్రంట. మా ఆయనతోటి హమాలీలు చెప్పిన్రు. జర సూపియ్యి."

ప్రింటు రాలేదన్నాడు కదా! అయినా తీసుకెళ్లాను.

ఫోటోల పోటీ ప్రదర్శన అది. తలుపంత ఫోటో. నేను గీసిన గుడ్డ లేదు. నెగెటివ్ మీది నా పెన్సిల్ గీతల్ని టర్పెంటైన్ దూదితో తుడిచేశాడు. కింద 'మాతృమూర్తి, మొదటి బహుమతి' అని అట్ట. కోట్లు వేసుకున్న మగాళ్లు ఎగబడి చూస్తున్నారు. పక్కనే టై కట్టుకుని ఆనంద్ పాల్.

"ఏందన్నా ఇది?"

"కళ, చెల్లీ. పాలిచ్చే తల్లిలో పాపం చూస్తే ఆ కళ్లదే తప్పు. నేనామెను దేవతను చేశాను."

"దేవతను అడిగి చేశావా? చర్చికన్నావు! నా నోటితో ఆమెకు అబద్ధం చెప్పించావు!"

పూలమ్మ ఏడుస్తుందనుకున్నాను. ఆమె ఫోటో దగ్గరికి వెళ్లి, అందులోని తన చేతి వైపు చూస్తోంది.

"బిడ్డకు పాలు స్టేషన్ మెట్ల మీద గూడ ఇస్త, గదేం సిగ్గు? గీళ్ల సూపులే మంచిగ లేవు. గనీ నా బొట్టేది? నా పచ్చబొట్టేది? మాయమ్మ జాతరల పొడిపిచ్చింది. సచ్చినంక మన ఎంబడి వచ్చేది గిదొక్కటే అన్నది. గిది ఎవరు తీసిన్రు?"

ఆనంద్ పాల్ నా వైపు చూసి ఊరుకున్నాడు. నన్ను కాపాడుతున్నవాడిలా! అది నన్ను ఇంకా కాల్చింది.

మరియకు బొట్టేమిటి, పచ్చబొట్టేమిటి అని, ఎవరూ చెప్పకుండానే, ఆ రెంటినీ పెన్సిల్‌తో నేనే పూడ్చేశాను. ఆయన గుడ్డను తుడిచి, నేను పూడ్చింది మాత్రం అలాగే ఉంచుకున్నాడు.

"నేనే, పూలమ్మా."

ఆమె పైట లాక్కుని చేతి మీది పచ్చబొట్టు కప్పుకుంది. బిడ్డను భుజాన వేసుకుంది.

"నువ్వున్నవనే దిగిన గదమ్మా" అంది.