గింజ తీసిన పండు

రోజూ పొద్దున్నే ఆవిడ చిలక కోసం పళ్లు కోసేది. తొక్కకి అంటిన మందు పోయేలా ఆపిల్‌ని రెండు మూడు నీళ్లు కడిగి, గింజ ఒక్కటి కూడా మిగలకుండా తీసి, చిటికెన వేలి గోరంత ముక్కలు చేసేది. ఆపిల్ గింజలు విషమనీ, చెర్రీ పిక్కలూ అంతేననీ, అవకాడో మాత్రం ఇంత ముక్క కూడా పెట్టొద్దనీ పశువుల డాక్టరు రాసిచ్చిన కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించి ఉండేది.

అంత జాగ్రత్త ఎందుకంటే, తొమ్మిదేళ్లకే పోయిన కూతురి గొంతు ఆ చిలకలోకి వచ్చి చేరింది. ఇరుగుపొరుగు వాళ్లు "బాగున్నావా పాపా?" అని పలకరించి, తమ పనిమీద తాము పోయేవాళ్లు.

"అమ్మా, బొప్పాయి ఇంకో ముక్క!"

"ఇందా. మెల్లిగా తిను."

భర్త కోర్టులో బంట్రోతు. గుమ్మం దగ్గర నిలబడి కక్షిదారుల పేర్లు పిలవడం ఆయన పని. సాయంత్రం ఆయన చెప్పులు విడిచీ విడవగానే చిలక ఒకే మాట అనేది: "నాన్నా, నిజంగానే కడుపునొప్పి."

పరీక్ష ఎగ్గొట్టడానికి నాటకాలాడుతున్నావంటూ ఆ రోజు చెవి మెలేసి బడికి పంపింది ఆయనే. మధ్యాహ్నానికి అపెండిక్స్ పగిలింది. పిల్ల ఆస్పత్రి గుమ్మం కూడా ఎక్కలేదు.

"దాని నోరు మూయించు," అన్నాడొకసారి.

"ఒకసారి మీరు మూయించారుగా," అంది ఆవిడ, కత్తిపీట మీంచి తలెత్తకుండా.

ఆదివారం ఆవిడ బజారుకి వెళ్లినప్పుడు ఆయన ఫ్రిజ్ మీది కాగితం మరోసారి చదివాడు. సంచిలో దాచి తెచ్చిన అవకాడో కోసి గిన్నెలో పెట్టాడు.

"నువ్వే కోశావా నాన్నా?" అని చిలక మురిసిపోయింది. ఒక్క ముక్క వదల్లేదు.

ఆవిడ వచ్చేసరికి దానికి ఎగశ్వాస. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుండగానే ఒళ్లో చల్లబడిపోయింది. తిరిగొచ్చి చెత్తబుట్టలో నల్లటి తొక్క చూసింది. పాప గౌనులో చిలకని చుట్టి పెరట్లో పూడ్చిపెట్టింది.

మర్నాడు కోర్టు గుమ్మంలో ఆయన ఒక కక్షిదారు పేరు పిలవబోతే తొమ్మిదేళ్ల పిల్ల గొంతు బయటికొచ్చింది. జడ్జిగారు కాగితాల్లోంచి తలెత్తలేదు. ఆ కక్షిదారు లేచి లోపలికి వెళ్లాడు. భర్త సొంత గొంతు ఆ తర్వాత మళ్లీ వినబడలేదు.

ఇంట్లో ఆయన నోరు విప్పడం మానేశాడు. అందుకని ఆవిడే రోజూ కోర్టుకి వస్తోంది. వరండా బల్ల మీద కూర్చుని పిలుపులన్నీ వింటుంది. సాయంత్రం చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి ఆయన్ని ఇంటికి తీసుకెళ్తుంది.

"రా తల్లీ, జడ వేస్తాను," అంటుంది.

నాలుగు నెరిసిన వెంట్రుకలు మిగిలిన తల వంచుకుని, ఆయన వచ్చి ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుంటాడు.