వదిన వంతు

మా వదినా నేనూ కలిసి, ఒకే కలం పేరుతో, ఒక వారపత్రికకు సీరియల్ రాసేవాళ్లం. వదిన అంటే మా ఆయన అక్క. ఒక వారం నా వంతు, తర్వాతి వారం ఆమె వంతు. కథ గురించి ముందుగా ఒక్క మాట కూడా అనుకోకూడదనేది మా ఒప్పందం. నా వంతు చివర కథానాయికను ఎటూ కదల్లేని ఇరకాటంలో పడేసి వదిలేస్తాను. ఎలా బయటపడేస్తుందో వదిన చూసుకోవాలి. ఆ పైవారం ఆమె నా మీద కసి తీర్చుకుంటుంది. ఒకసారి మా తాళాలావిడను, అంటే తాళాలు బాగుచేసుకుంటూ నేరాలు ఛేదించే మా కథానాయికను, మంటలంటుకున్న గిడ్డంగిలో కట్టేసి వదిలాను. వదిన ఒక్క వాక్యంలో కుండపోతగా వాన కురిపించి మంటలు ఆర్పేసింది. పైగా అదే వాన నీళ్లలో ఆవిణ్ణి పీకల్లోతు ముంచి నాకు పంపింది. ఆ వారమంతా తలుచుకుని తలుచుకుని నవ్వాను.

పెళ్లయిన కొత్తలో ఆమెను 'మీరు' అనేదాన్ని. సీరియల్ మొదలయ్యాక 'నువ్వు'లోకి దిగిపోయాను. వారం వారం నన్ను గోతిలోకి తోసే మనిషిని మన్నించి పిలవడం నా వల్ల కాలేదు.

ఇక మా ఆయన సంగతి. కొట్టడు, తిట్టడు, తాగడు. కోపం వస్తే నాతో మాట్లాడడం మానేస్తాడు, అంతే. ఫోన్ చేస్తే ఎత్తలేదనో, తన స్నేహితుల ముందు ఎక్కువ నవ్వాననో మొదలవుతుంది. వారాల తరబడి సాగుతుంది. మిగతావాళ్లతో మామూలుగానే ఉంటాడు. నాకేదైనా చెప్పక తప్పకపోతే ఫ్రిజ్ వైపు తిరిగి 'పాలు అయిపోయాయి' అంటాడు. మొదట్లో నవ్వొచ్చేది. పోను పోను నేను పనిచేసే పళ్లాసుపత్రిలో ఎవరైనా 'బావున్నారా' అని పలకరించినా కళ్లలో నీళ్లు తిరిగేవి. ఇలాంటిది ఎవరితో చెప్పుకోను? చెబితే, అంతేనా, ఇంకేం చేశాడు అంటారు.

వదినకైతే విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ల నాన్నా ఇంతేనట. వాళ్లమ్మకు చెప్పాల్సినవన్నీ గోడ గడియారానికి చెప్పేవాడని ఒకసారి తనే నాతో అంది. కానీ తమ్ముడి మీద అక్కకే ఫిర్యాదు చేయడానికి నాకు నోరు రాలేదు. అందుకని సీరియల్లో అడిగాను. నా వంతులో తాళాలావిడ దుకాణానికి పక్కవీధి ఆవిడ ఒకతి వస్తుంది. ఆవిడ మొగుడు ఫ్రిజ్‌తో మాట్లాడతాడు. పాలు, స్నేహితులు, నవ్వు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు దించేశాను. వదిన చదివిందంటే మొదటి పేరాలోనే తమ్ముణ్ణి గుర్తుపట్టి తీరాలి. చివర ఆవిడ చేత 'నేను వచ్చేస్తే నన్ను లోపలికి రానిచ్చేవాళ్లున్నారా?' అని అడిగించి, అక్కడ ఆపేశాను.

ఆ వారం ఎలా గడిపానో నాకే తెలుసు. వదిన భాగం పత్రికకూ నాకూ ఒకేసారి వచ్చింది. అందులో తాళాలావిడ ఆమె చేయి పట్టుకుని అంటుంది: 'బయల్దేరి రా. నా తలుపు తీసే ఉంటుంది. ఎందుకొచ్చావని అడగను.' ఆసుపత్రిలో మందుల అట్టపెట్టెలు అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. సొంత తమ్ముణ్ణి కాదని నా పక్కన నిలబడింది. తోడబుట్టిన అక్క లేదన్న లోటు ఆ రోజుతో తీరిపోయిందనుకున్నాను.

మర్నాడు బ్యాగు సర్దుకున్నాను. మా ఆయన టీవీ ముందున్నాడు. వెళ్తున్నానని, మీ అక్క రమ్మందని చెప్పాను. అక్క మాట ఎత్తేసరికి అతని ముఖంలో రంగు మారింది. నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. ఇంటి తాళం చెవి బల్ల మీద పెట్టేసి వచ్చాను.

వదినకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. కింద దుకాణం, పైన ఇల్లు. నేను వెళ్లేసరికి ఎవరిదో ఫ్రేముకు మర బిగిస్తోంది.

"ఏంటి, చెప్పాపెట్టకుండా? ఎందుకొచ్చావు, ఊరికేమైనా వెళ్తున్నావా?" అంది బ్యాగు వైపు చూస్తూ.

ఆటపట్టిస్తోందనుకున్నాను. "అడగనన్నావుగా," అన్నాను నవ్వుతూ.

"ఏం అడగనన్నాను?"

ఆ మాటలు అప్పజెప్పాను. పరాయివాళ్ల కళ్లజోడు పెట్టుకున్న మనిషిలా చూసింది. కాసేపు ఆ మాటా ఈ మాటా చెప్పి, చివరికి బయటపెట్టింది. కొన్నాళ్లుగా తన వంతు ఏఐ చేత రాయిస్తోందట. దుకాణంలో పని పెరిగిందట, కళ్లు లాగుతున్నాయట. నా భాగం దానికిస్తే అచ్చం తన పద్ధతిలోనే రాసి ఇస్తుందట. పాత్రల పేర్లు సరిచూసుకుని పంపేస్తోందట. నా భాగమైనా చదివావా అని అడిగాను. తీరిక చూసుకుని అన్నీ ఒకేసారి చదువుదామనుకుందట.

"పత్రికవాళ్లు పట్టుకోలేదు, పాఠకులు పట్టుకోలేదు. నీకూ తేడా తెలియలేదు కదా," అంది.

ఒళ్లు మండిపోయింది. నిజమే, తెలియలేదు. తప్పులు పట్టడానికి చదివానా నేను? వదిన ఏమందో తెలుసుకోవడానికి చదివాను. ఆ రాసింది బాగాలేదని ఇప్పటికీ అనను. అంత బాగుంది కాబట్టే ఇల్లు వదిలి వచ్చాను. ఆ తలుపు మాత్రం ఎవరిదీ కాదు.

నా భాగం ఇప్పుడు చదవమన్నాను. నిలబడే మొదలుపెట్టింది. ఫ్రిజ్ దగ్గరికొచ్చేసరికి చేతిలోని ఫ్రేము పక్కన పెట్టి స్టూలు మీద కూలబడింది. చివరిదాకా చదివి, వాడు కూడా నాన్నలాగే అయ్యాడా అని గొణిగింది.

"దీని తర్వాతి భాగం నువ్వే రాసుంటే ఏం రాసేదానివి?" అని అడిగాను.

శుభ్రంగా ఉన్న అద్దాన్నే తుడుస్తూ కూర్చుంది. "మా అమ్మ సర్దుకుపోయింది. నాకు తెలిసింది అదే," అంది.

ఆ మాటే రాసుంటే ఎంత బాగుండేది! ఏడ్చేదాన్ని, నాలుగు తిట్లు తిట్టుకునేదాన్ని, నా వంతులో ఆమె మీద విరుచుకుపడేదాన్ని. వదినతో పోట్లాడి గెలిచాక, నా కాళ్ల మీద నేను ఇల్లు దాటేదాన్ని.

ఇంతలో ఆమె ఫోన్ మోగింది. మా ఆయనే. దుకాణంలో ఎవరూ లేరు, అతని గొంతు నాకూ వినిపిస్తోంది.

"అక్కా, దాన్ని నువ్వు రమ్మన్నావా?"

వదిన నా వైపు చూసింది. అవునంటే చాలు, అన్నీ మరిచిపోయేదాన్ని. చదవకపోయినా, రాయకపోయినా, ఆ ఒక్క మాట ఇప్పుడైనా తన నోటితో అంటే చాలనుకున్నాను.

"లేదురా," అంది. "నేనేం రమ్మనలేదు."

అది అక్షరాలా నిజం. నేను బ్యాగు అందుకుని గుమ్మం దాటుతున్నా, ఆమె అటు తిరిగి తమ్ముడికి నచ్చజెబుతూనే ఉంది.