ముందే చెప్పిన సాక్ష్యం

పెదవి లోపల ఉప్పు. నాలుక కొసన ఉప్పు. మింగితే గొంతులో ఉప్పు…

పదకొండేళ్లుగా వాసంతికి తెలిసిన నెత్తురు రుచి.

పోచంపల్లి పక్క ఊళ్లో మగ్గం ఉన్నప్పుడు మొగుడు విజయ్‌కుమార్ కొట్టేవాడు — పోగు తెగిందని. మగ్గం అమ్మేసి ఎల్బీనగర్‌లో కిరాయి గదికి వచ్చాక కూడా కొట్టాడు — మగ్గం పోయిందని. దిల్‌సుఖ్‌నగర్ చీరల షాపులో పగలంతా నవ్వుతూ చీరలు విప్పి పరుస్తాడు. "జర చూడుండ్రి అక్కా, తీస్కోకపోయినా పర్లే" అంటాడు. ఎంత మెత్తని చేతులో! ఇంటికొస్తే అవే చేతులు.

అల్మాస్‌గూడలో రేకుల చర్చి. పక్కింటి భాగ్యమ్మ రమ్మంటే వెళ్లింది. మూడు నెలలు వెనక వరసలో, నెత్తిన కొంగు కప్పుకుని కూర్చుంది.

అక్కడ ఆదివారం సాక్ష్యాలు చెబుతారు. ఒకరికి కడుపులో గడ్డ కరిగింది. ఒకరికి ఉద్యోగం వచ్చింది. మైకు చేతులు మారుతూ మారుతూ వస్తుంది… తన దగ్గరికి వచ్చేసరికి వాసంతికి చెప్పడానికి ఏమీ లేదు.

పాస్టరుగారి భార్య అరుణమ్మది గుంటూరు వైపు. మంచి మనిషే. "విశ్వాసంతో ముందే చెప్పేయమ్మా. జరిగిపోయినట్టే చెప్పు. ప్రభువు చేసి చూపిస్తాడు" అంది.

చెప్పింది.

"నా పెనిమిటి మారిండు. రెండు నెలలాయె, నా మీద చెయ్యి లేపలే."

చప్పట్లు. హల్లెలూయలు. రేకుల మీద వాన. జన్మలో మొదటిసారి తన కోసం ఇంతమంది చప్పట్లు — పిచ్చిది, మురిసిపోయింది.

బుధవారం మధ్యాహ్నం, చర్చిలో పాటలు పాడే రమ్య చీర కొందామని ఆ షాపుకే వెళ్లింది. వాసంతి ఫోన్లో అతని ఫొటో చూసి ఉంది కాబట్టి విజయ్‌కుమార్‌ను గుర్తుపట్టింది. అందరి ముందే అనేసింది.

"అన్నా, అక్కను కొట్టుడు బంద్ చేసినవంట గద! చర్చిల సాక్ష్యం చెప్పింది. దేవునికి స్తోత్రం!"

తోటి సేల్స్‌మెన్ పకపకా నవ్వారు. సేటు కూడా నవ్వాడు.

వాన. బండి. తలుపు.

"మారిన్నా?"

ఒక దెబ్బ.

"నేను మారిన్నా?"

ఇంకొకటి.

మగ్గం అమ్మాడు గానీ నాడె అమ్మలేదు — పోగును అటూ ఇటూ మోసే కొయ్య, రెండు కొసలకూ ఇనుప మొనలు. తండ్రి నాడె. దేవుడి పటాల పక్కన పెట్టి దండం పెట్టుకుంటాడు. దాన్నే తీశాడు. కనుబొమ్మ చీలింది. వీపు మీద, మోచేతి మీద, వేళ్ల మీద… "చెప్పు, ఊరందరికీ చెప్పు!" అంటూ, చెయ్యి నొప్పి పుట్టేదాకా. తర్వాత నాడె తుడిచి, మళ్లీ అక్కడే పెట్టి, తిరిగి షాపుకు పోయాడు. సిగ్గూ శరం లేని జన్మ.

వాసంతి నేల మీద కూర్చుంది. ఒక కన్ను మూసుకుపోయింది.

"ఏం దేవునివయ్యా నువ్వు?" అని అరిచింది. "నీ పేరు మీదనే గద నేను అబద్ధమాడింది! ఏడ బోయినవ్? ఏడ సచ్చినవ్?"

అరిచి, అలవాటుగా నెత్తికి చేతులు అడ్డం పెట్టుకుంది.

ఆగింది…

నాయన మీద గొంతు లేపితే చెంప పగిలేది. మొగుడి మీద లేపితే నడుం విరిగేది. ఇప్పుడు ఇంత మాట అంది — దెబ్బ పడలేదు. ఇంకా తిట్టింది. పడలేదు. బయట వాన పడుతోంది, అంతే.

మెల్లగా చేతులు దించింది. అప్పుడు ఏడ్చింది. భయం లేకుండా ఏడవడం అదే మొదలు. మూడు నెలల పాటల్లో దొరకని ఆసరా ఆ తిట్లలో దొరికింది.

భాగ్యమ్మ దవాఖానకు తీసుకెళ్లి ఆరు కుట్లు వేయించింది.

శనివారం అరుణమ్మ ఫోన్. "భాగ్యమ్మ చెప్పిందమ్మా… ఈ వారానికి రావద్దులే. మొహం మానాక వద్దువుగాని. కొత్తవాళ్ల విశ్వాసం చెదిరిపోతుంది."

ఆదివారం వెళ్లింది. ముందు వరసలో కూర్చుంది. మైకు అడిగి తీసుకుంది. నెత్తి మీది కొంగు తీసేసింది — కుట్లు, నల్లబడ్డ కన్ను, అందరూ చూసేలా.

"పోయిన ఆదివారం నేను చెప్పింది అబద్ధం."

కీబోర్డు ఆగింది. అరుణమ్మ లేచి చెయ్యి చాచింది. "చాలమ్మా, ఇటివ్వు."

ఇవ్వలేదు.

"కొట్టిండు. నాడెతోని కొట్టిండు. నేను దేవున్ని తిట్టిన. నోటికొచ్చినట్టు తిట్టిన. ఆయన నన్ను కొట్టలే. గదీ నా సాక్ష్యం."

బయట బండి ఆగింది. విజయ్‌కుమార్. ఆమెను వెతుక్కుంటూ వచ్చి, వానలో తడిసి, హెల్మెట్ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఇన్నేళ్లూ వాడు గదిలోకి వస్తే చాలు, ఆమె మాట నోట్లోనే చచ్చిపోయేది.

మైకు పళ్లకు తగిలింది.

"గాయనే," అంది. "గా తలుపుకాడ నిలబడ్డాయన. అందరు చూడుండ్రి. ఇయ్యాల నేను ఇంటికి పోను."

తలలన్నీ వెనక్కి తిరిగాయి. వాడు ఒక అడుగు లోపలికి వేశాడు.

వాసంతి ఇంకా మాట్లాడుతూనే ఉంది.