చప్పుడు చెయ్యని మిషన్ మీద దావా

మలయాలోని పినాంగ్ చిన్న దావాల కోర్టులో ఇరవై రెండేళ్ళు దుబాసీగా పనిచేశాను. దొరలు ఇంగ్లీషులో విసుక్కున్నది మా చీనావాళ్ళకు చెప్పాను, మా వాళ్ళు తిట్టింది దొరలకు మర్యాదగా చెప్పాను. పడవ మునిగిన కేసు, పంది పారిపోయిన కేసు, పెట్టుడు పళ్ళు తారుమారైన కేసు, అన్నీ చూశాను. కానీ కొన్న వస్తువు బాగా పనిచేస్తోందని, అమ్మినవాడి మీద దావా వేసిన మనిషిని మాత్రం ఒక్క ఆవిడనే చూశాను. ఆవిడ మా పెద్దమ్మ పో చూ కావడం నా ఖర్మ.

పెద్దమ్మ మా అమ్మకు అక్క వరస. మొగుడు పోయి పదిహేనేళ్ళయింది. పూసల చెప్పులు కుట్టి అమ్మి, ఒక్కగానొక్క కూతురు గేక్ సిమ్‌ను పెంచింది. ఆ పిల్ల చెయ్యి మంచిదని మా వీధంతా పేరు. చెయ్యి అంటే దంచే చెయ్యి. మా ఇళ్ళల్లో పిల్లను చూసుకోవడానికి ఎవరూ రారు, మొహం పెళ్ళిరోజు ఎలాగూ కనపడుతుంది. వినడానికి వస్తారు. ముందు కబురు చెయ్యకుండా పొద్దున్నే వెనక సందులో నిలబడి, పిల్ల రోట్లో మిరపకాయలూ రొయ్యల ముద్దా దంచే చప్పుడు వింటారు. దాన్నిబట్టి ఓపిక, కోపం, పెంపకం అన్నీ తేల్చేస్తారు. దెబ్బ తడబడితే బద్ధకస్తురాలు. మరీ గట్టిగా పడితే అత్తను లెక్కచెయ్యని రకం. ఆగి ఆగి పడితే కబుర్ల పోగు. నా పెళ్ళాన్ని కూడా మా అమ్మ ఇలాగే విని తెచ్చింది. ఆ రోజు అమ్మకు జలుబు చేసి చెవులు దిబ్బడ వేశాయని నా గట్టి అనుమానం.

ఆ ఏడు గేక్ సిమ్‌కు బియ్యం మిల్లు వాళ్ళ సంబంధం వచ్చింది. కుర్రాడు బూన్ లియాట్ నెమ్మదస్తుడు. గుడి ముందు నాటకాలాడేటప్పుడు ఆ పిల్ల అతన్ని రెండుసార్లు దూరం నుంచి చూసింది. చూసినప్పటి నుంచి చెప్పుల మీద నెమలి కుట్టబోతే అది బాతులా వచ్చేది. తల్లికి సంగతి అర్థమైంది. పెళ్ళి కుదిరితే చాలని ఉన్న దేవుళ్ళందరికీ అగరొత్తులు వెలిగించింది.

సరిగ్గా అప్పుడే బీచ్ వీధిలో మెక్‌గ్లాషన్ దొర కొట్లోకి ఆ మిషన్ దిగింది. ఇనుముది. బల్ల అంచుకు మరతో బిగించాలి, పైన మిరపకాయలు పోయాలి, పిడి తిప్పాలి, పక్కనుంచి మెత్తటి ముద్ద వస్తుంది. చప్పుడన్నది ఉండదు. పెద్దమ్మ దాన్ని కొని ఇంటికి తెచ్చింది. మర్నాడు పొద్దున్న ఆ మిషన్‌కు మొదటిసారి మిరపకాయలు వేశారో లేదో, వెనక సందులో పెళ్ళికొడుకు తల్లి క్వీ హియాంగ్, పెళ్ళిళ్ళ పేరమ్మ సూ బీ వచ్చి నిలబడ్డారు.

అరగంట నిలబడ్డారు. లోపల పిల్లి నడిచిన అలికిడి కూడా లేదు. పక్కింట్లో దంచుతున్నారు, ఎదురింట్లో దంచుతున్నారు, పెద్దమ్మ ఇల్లు మాత్రం శ్మశానంలా ఉంది. "పొద్దు నడినెత్తికొస్తున్నా లేవని పిల్ల నా కొంపకెందుకు?" అనేసి క్వీ హియాంగ్ రిక్షా ఎక్కి వెళ్ళిపోయింది. సంబంధం అక్కర్లేదని సాయంత్రానికల్లా సూ బీ వచ్చి చెప్పేసింది. గేక్ సిమ్ పూసల డబ్బా మూతపెట్టి గోడవైపు తిరిగి పడుకుంది. రెండు రోజులు అన్నం ముట్టలేదు.

మూడోరోజు పెద్దమ్మ మా ఇంటికొచ్చింది.

"ఒరేయ్ ఎంగ్ సూన్, కోర్టు పిలిస్తే ఎంత గొప్పింటి ఆడదైనా రావాల్సిందేనా?"

"రావాల్సిందే పెద్దమ్మా. రాకపోతే జరిమానా వేస్తారు."

"అయితే ఆ మిషన్ దొర మీద దావా వెయ్యి."

"ఎందుకు, మిషన్ పాడైందా?"

"పాడవడమేంట్రా, బ్రహ్మాండంగా తిరుగుతోంది. అదే దాని రోగం. చప్పుడు చెయ్యదు."

"చప్పుడు చెయ్యదనే కదా నువ్వు కొన్నది!"

"చప్పుడు చెయ్యదన్నాడు. చప్పుడు లేకపోతే నా పిల్ల పెళ్ళి చెడుతుందని ఆ చచ్చినోడు చెప్పాడా? చెప్పాలా వద్దా? ఇన్నేళ్ళు కోర్టులో కూచుని నువ్వు నేర్చుకున్నదేంట్రా, కుర్చీ అరగదియ్యడమా?"

"పోనీ, ఇంకోసారి వచ్చి వినమని ఆ క్వీ హియాంగ్‌నే అడగరాదూ?"

"ఆడపిల్ల తల్లిని, నేనెళ్ళి మా చప్పుడు వినండమ్మా అని గుమ్మం ముందు నిలబడనా? సిగ్గులేదూ! నువ్వు దావా వెయ్యి."

వేశాను. వెయ్యకపోతే రోజూ మా ఇంటికే వచ్చి కూర్చునేది.

కేసు మేజిస్ట్రేటు హెర్రిక్ దొర ముందుకొచ్చింది. పాపం ఆయనకు ఎండ పడదు, మా వాళ్ళు అంతకన్నా పడరు. కాగితం రెండుసార్లు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"యంత్రంలో లోపమేమిటి?" అని అడిగాడు.

నేను పెద్దమ్మను అడిగాను. "చప్పుడు చెయ్యదు," అంది.

"అది లోపమెలా అవుతుంది?"

"ఆయనకు పెళ్ళీడు కూతురుందా అని అడగరా."

కోర్టువారికి పూర్తి వివరాలు మనవి చేసుకుంటామని వాది అంటోందని చెప్పి, మా వినికిడి ఆచారమంతా వివరించాను. అది వింటూ దొర మొహం ఎర్రబడింది. నవ్వో, కోపమో, ఎండో నాకిప్పటికీ తెలియదు.

మెక్‌గ్లాషన్ దొర లేచి, "అయ్యా, ముప్ఫై ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నాను. మిషన్ మోత పెడుతోందని కొట్టుమీదికొచ్చినవాళ్ళున్నారు. మోత పెట్టడం లేదని కోర్టుకు లాగింది ఈవిడొక్కతే," అని వాపోయాడు. నాకూ జాలేసింది.

"ఇంతకీ ఆమెకు ఏం పరిహారం కావాలి?" అని హెర్రిక్ దొర నన్నడిగాడు.

"నాకు డబ్బొద్దురా. ఆ క్వీ హియాంగ్‌ను పిలిపించి ఇక్కడ కూర్చోబెట్టమను. నా పిల్ల దంచుతుంది. అది వినమను. ఆ తర్వాత ఈ కోర్టు సముద్రంలో కలిసినా నాకక్కర్లేదు."

"కోర్టువారి వివేకం మీద వాదికి పూర్తి నమ్మకం ఉంది," అన్నాను. తక్కినది కూడా మెత్తగా చెప్పాను.

ఆశ్చర్యమేమిటంటే హెర్రిక్ దొరకు అందులో న్యాయం కనపడింది. పిల్లకు దంచడం రాకపోతే సంబంధం పోయింది ఆమె చేతకానితనం వల్ల, వస్తే మిషన్ వల్ల. కాబట్టి పరీక్ష పెట్టాల్సిందే అన్నాడు. తన తెలివికి తానే మురిసిపోయి వచ్చే మంగళవారానికి వాయిదా వేశాడు.

మంగళవారం కోర్టు తిరునాళ్ళలా ఉంది. సాక్ష్యాల బల్ల మీద ఒకవైపు మిషన్ పెట్టారు. గదికి ఓ మూల నీలం గుడ్డ తెర కట్టి దాని వెనక రాతి రోలు, బండ పెట్టారు. పెళ్ళికాని పిల్ల నలుగురి ముందుకు రాకూడదు కనుక గేక్ సిమ్ తెర చాటున కూర్చుంది. పిల్లను ఒంటరిగా వదలననే సాకుతో పెద్దమ్మా లోపలికెళ్ళింది. క్వీ హియాంగ్ ఎదురుగా కుర్చీ నిండా కూర్చుంది. గుండెల మీద వజ్రాల పిన్నులు మూడు. విసనకర్ర ఆడిస్తూ, కోర్టువాళ్ళు తన టైము పాడుచేస్తున్నట్టు మూతి బిగించింది. వెనక సూ బీ నిలబడింది.

లోపలి మాటలు దొరకు చేరవెయ్యాలి కదా, అందుకని నన్ను తెర అంచున నిలబెట్టారు.

దంచడం మొదలైంది. రెండు దెబ్బలు బరువుగా, ఒకటి తేలిగ్గా, రోటి అంచు మీద బండ గీత. మళ్ళీ రెండు, ఒకటి, గీత. అబ్బ, ఏం చెయ్యి! ఎక్కడా తడబాటు లేదు, తొందర లేదు. కాసేపటికి మిరపకాయల ఘాటు, రొయ్యల ముద్ద వాసన లేచి గదంతా కమ్ముకున్నాయి. మెక్‌గ్లాషన్ దొర వరసగా ఏడు తుమ్ములు తుమ్మాడు. తలుపు దగ్గర సిక్కు జవాను తలపాగా కొసతో ముక్కు మూసుకున్నాడు. హెర్రిక్ దొర కళ్ళ నీళ్ళు కారుతుండగానే కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు. నాకేమో నోరూరింది.

అప్పుడు తెర పక్కనుంచి ఊరికే లోపలికి చూశాను. దంచుతోంది పెద్దమ్మ. గేక్ సిమ్ పక్కన కూర్చుని రెండు చేతులతో తల్లి కుడి భుజం పట్టుకుని ఏడుస్తోంది.

ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. ఇన్నేళ్ళు వీధంతా మెచ్చుకున్న చెయ్యి కూతురిది కాదు. నేను ప్రమాణం చేసిన కోర్టు దుబాసీని. చెబితే పెద్దమ్మ జైలుకెళుతుంది, చెప్పకపోతే నేను నరకానికి పోతాను. ఇంతకీ నన్నెవరూ అడగలేదు కదా అని గోడమీద గడియారం చూస్తూ నిలబడ్డాను.

"సాక్షి ఏమంటుంది?" అన్నాడు దొర.

క్వీ హియాంగ్ విసనకర్ర ఆడించడం ఎప్పుడో ఆపేసింది. కళ్ళు మూసుకుని ఉంది.

"ఇది చిన్నపిల్ల చెయ్యి కాదు," అంది. "పో చూ చెయ్యి."

తెర వెనక దెబ్బ ఆగిపోయింది.

"పెళ్ళికి ముందు నాలుగేళ్ళు మా మేనత్తగారింట్లో అదీ నేనూ ఎదురెదురుగా కూచుని దంచాం. దీని దెబ్బ నాకు నిద్రలో వినపడినా తెలుస్తుంది. ఒసే చూ, నీ భుజం పోయిందే. మూడో దెబ్బ లేపలేక ఈడుస్తున్నావు."

లోపలినుంచి పెద్దమ్మ గొంతు సన్నగా వచ్చింది. "ఆ రోజు నేను దంచుంటే పట్టేసేదానివా?"

"మొదటి దెబ్బకే. పట్టుకుని వీధిలోనే నీ పరువు తీసేదాన్ని."

నేను ఇదంతా దొరకు చెప్పాను. ఇంక దాచడానికేముంది! మెక్‌గ్లాషన్ దొర లేచి, తన మిషన్ లేకపోతే వాది పరువు ఆనాడే పోయేదని రాసుకోవాలని మనవి చేశాడు. హెర్రిక్ దొర అతన్ని కూర్చోమన్నాడు.

అంతలో తెర కదిలి గేక్ సిమ్ బయటికొచ్చేసింది. అంతమంది మగాళ్ళ ముందు నిలబడినా మాట తడబడలేదు.

"అత్తా, మా అమ్మనేం అనకు. నాకు దంచడం రాదు. నేర్పమంటే నేర్పలేదు. నీ చేతులు పూసలకు పనికొస్తాయి, కాయలు కాయించుకోకు అంది. పదేళ్ళుగా నా పేరు చెప్పి తనే దంచుతోంది. రాత్రి ఆవనూనె రాస్తుంటే ఆ భుజం ముట్టుకోనివ్వదు, అంత నొప్పి. అందుకే మిషన్ కొందామని నేనే పోరుపెట్టాను. పెళ్ళి చెడితే నా వల్లే చెడింది."

క్వీ హియాంగ్ ఆ పిల్లను పైనుంచి కిందికి చూసింది.

"మేము సందులో నిలబడ్డ రోజు ఆ మిషన్ తిప్పిందెవరు?"

"నేనే."

"మీ అమ్మ ఏం చేస్తోంది?"

"కూర్చోబెట్టాను. టీ తాగుతోంది."

క్వీ హియాంగ్ విసనకర్ర మడిచి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడకు కోడళ్ళు ఇద్దరున్నారు. ఇద్దరూ బ్రహ్మాండంగా దంచుతారని ఊరంతా తెలుసు. అత్తను కూర్చోబెట్టి టీ ఇచ్చారని మాత్రం ఎవరూ చెప్పగా నేను వినలేదు.

"సూ బీ, మనం అరగంట నిలబడి ఏం విన్నామే?" అంది చివరికి.

"ఏం వినపడలేదు కదమ్మా."

"వినపడింది. ఆ ఇంట్లో తల్లి కూచుని ఉంది. అది మన చెవికెక్కలేదు. నా చెవులు తగలెయ్య! పెళ్ళి ముహూర్తం చూడమని రేపే చెప్పు."

గేక్ సిమ్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. హెర్రిక్ దొర దావా కొట్టేశానన్నాడు. యంత్రంలో లోపం లేదు, వాది చేసింది మోసం, అయినా ఈ వాసనలో ఇంకొక్క నిమిషం కూర్చునే ఓపిక తనకు లేదు కనుక అందరూ బయటికి నడవాలన్నాడు.

ఎవరూ నడవలేదు. క్వీ హియాంగ్ లేచి తిన్నగా తెర వెనక్కి వెళ్ళింది.

"లే అక్కణ్ణించి. కూతురు కూర్చోబెడితే కూర్చోక మళ్ళీ బండ పట్టావా? జరుగు. సగం దంచి వదిలేస్తే ఎవరు తింటారు దీన్ని?"

"నీకు భుజం నొప్పి లేదేంటే?"

"ఉంది. నీకంటే ఎక్కువే ఉంది. మాట్లాడకుండా టీ తెప్పించు."

ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆవిడ బండ ఎత్తింది. దెబ్బ ఒకటి ముందు, ఒకటి వెనక, అసలు వరసే కుదరలేదు. పెద్దమ్మ పకపకా నవ్వడం మొదలుపెట్టింది. ఆ భుజం పట్టుకుని, ఏడుస్తూనే నవ్వింది. హెర్రిక్ దొర బల్ల మీద సుత్తితో కొట్టి, చప్పుడు ఆపండని కేకలేశాడు. ఏమంటున్నాడని పెద్దమ్మ నన్నడిగింది.

"కానివ్వమంటున్నాడు పెద్దమ్మా," అన్నాను.