అత్తగారు నమ్మిన ఒకే ఒక్క ప్రకటన

టీవీలో ప్రకటన వచ్చిందంటే ఆ ఇంట్లో అందరూ నోరు మూసుకుని కూర్చునేవారు. అత్తగారు దాన్ని ఏకిపారేస్తుంటే వినడం సినిమాకన్నా మజాగా ఉండేది. ఏళ్లకేళ్లు బట్టల కొట్లో కౌంటరు వెనక నిలబడి అమ్మిన మనిషి మరి! అమ్మేవాళ్ల మాయమాటలన్నీ ఆవిడకు కొట్టినపిండి.

"తొంభై శాతం మంది మెచ్చారట! మొత్తం ఎంతమందిని అడిగాడో చెప్పడే? ఆ తెల్లకోటాయన డాక్టరా, డాక్టరు వేషమా?"

ఆ దెబ్బతో ఎంత గొప్ప సబ్బుకైనా గాలి పోయేది. కోడలు పడీపడీ నవ్వేది.

తమాషా ఏమిటంటే, అలాంటి ప్రకటనలకు గొంతు అరువివ్వడమే కోడలి ఉద్యోగం. మైకు ముందు ఒక్క మనిషిని ఎదురుగా ఊహించుకుని మాట్లాడాలని మొదట్లో ఎవరో నేర్పారు. ఆమె ఎప్పుడూ అత్తగారినే ఊహించుకునేది. అంతటి గడుసు మనిషిని ఒప్పించగలిగితే ఇక లోకమెంత! అందుకే వంటింట్లో గిన్నెలు కడుగుతూ, ఆవిడ ఎదుటే సాధన చేసేది.

ఈసారి వచ్చింది షుగరు తగ్గించే పొడి. "పొద్దున్నే ఒక్క చెంచా చాలు, ఇక మాత్రలతో పనేముంది?" ఆ వాక్యాన్ని కొన్నాళ్లుగా ముద్దుగా, బతిమాలుతూ, ధీమాగా, రకరకాలుగా పలికింది.

రేపు రికార్డింగు అనగా అత్తగారు కుర్చీలోంచి లేవబోయి, తూలి గోడ పట్టుకున్నారు. కోడలు పరుగున వెళ్లి మందుల డబ్బా తెరిచింది. అత్తగారు రోజూ వేసుకోవాల్సిన షుగరు మాత్రలు ఎక్కడివక్కడే ఉన్నాయి. కంపెనీవాళ్లు నమూనాకిచ్చిన పొడి మాత్రం సగానికి దిగిపోయింది.

"మాత్రలు మానేశారా అత్తయ్యా?"

"పనేముందని నువ్వే అన్నావుగా."

"అది ప్రకటన! మీరు రోజూ ఉతికి ఆరేసేవి అవే కదా!"

"ప్రకటనైతే ఉతికేసేదాన్నే. చెప్పింది నువ్వు కదా అని ఊరుకున్నాను."

కోడలికి ఏడుపొచ్చింది. వెంటనే డాక్టరుకు ఫోన్ చేసి, ఆయన చెప్పినట్టు మాత్ర ఇచ్చింది. అత్తగారు తిట్టలేదు, తను మోసపోయినందుకు నామోషీ పడలేదు. నీళ్లు తాగి కుదురుగా కూర్చున్నారు.

"అప్పుడు అడగనివి ఇప్పుడు అడుగుతాను. ఈ పొడిని ఎవరు పరీక్షించారు?"

"తెలీదు."

"మాత్రలు మానమని ఏ డాక్టరు అన్నాడు?"

"ఎవరూ అనలేదు."

"మరి నువ్వెలా అన్నావే?"

అంత నీరసంలోనూ ఆవిడ బుర్ర ఎంత చురుగ్గా ఉందో చూసి, కోడలు మనసులోనే దండం పెట్టుకుంది.

మర్నాడు మైకు ముందు ఎప్పటిలాగే అత్తగారిని ఊహించుకుంది. హెడ్‌ఫోన్లు తీసేసి, ఆవిడ ప్రశ్నలే దర్శకుణ్ణి అడిగింది.

"అవన్నీ మనకెందుకమ్మా? రాసింది చదివేస్తే పోలా!"

"చదవనండీ. మా ఇంట్లో నా మాట నమ్మే మనిషి ఉంది."

ఆ పని ఇంకొకరికి పోయింది. కొన్నాళ్లకు ఆ ప్రకటన టీవీలో వచ్చింది, వేరే అమ్మాయి గొంతుతో. కోడలు బిక్కుబిక్కుమంటూ అత్తగారి వంక చూసింది. ఆవిడ చివరిదాకా విన్నారు.

"గొంతు తేనెలా ఉంది. పాపం, ఈ పిల్లను నిలదీసే అత్త లేనట్టుంది" అంటూ, మాత్ర కోసం కోడలి ముందు చెయ్యి చాపారు.